శుక్లం ఆపరేషన్ తర్వాత కార్నియా లోపలి పొర విడిపోతే: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

శుక్లం ఆపరేషన్ అయిన మర్నాడు కట్టు విప్పగానే చూపు తేటగా వస్తుందని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు. చాలామందికి అలాగే వస్తుంది. కొద్దిమందికి మాత్రం మసక పోదు. డాక్టరు పరీక్ష చేసి, "లోపలి పొర విడింది, గాలి వేయాలి" అంటారు. ఆ మాట వినగానే ఇంటివాళ్లకి కాళ్లూ చేతులూ ఆడవు. విజయనగరంలో కంటి రోగులకు, వాళ్ల వెంట వచ్చినవాళ్లకు కౌన్సెలింగ్ చేసే పనిలో నేను రోజూ వినే ప్రశ్నలు ఇక్కడ రాస్తున్నాను. అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఇది: చాలావరకు ఈ పొరను తిరిగి అతికించవచ్చు. కాకపోతే "అదే తగ్గిపోతుందిలే" అని ఇంట్లో కూర్చుని రోజులు పోనివ్వకూడదు.

విడిపోయింది అసలు ఏ పొర?

కంటికి ముందు భాగంలో గడియారం అద్దంలా ఉండేది కార్నియా. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరు పైచిలుకు. అంత పల్చని దానిలోనూ ఐదు పొరలుంటాయి. లోపలి వైపున్న చాలా పల్చని పొరను డెసిమెట్ పొర అంటారు. పెద్దవాళ్లలో దాని మందం పది మైక్రాన్ల వరకు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు ఉంటుంది. ఆ పొరను ఆనుకుని ఒకే వరసలో కొన్ని కణాలుంటాయి. కంటి లోపలి నీరు కార్నియాలోకి చేరుతూనే ఉంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోడేసేవి ఈ కణాలే. కార్నియా తేటగా ఉండేది వాటి వల్లే.

ఆపరేషన్‌లో డెసిమెట్ పొర ఎక్కడైనా లేచిందంటే దాంతోపాటు ఆ కణాలూ పైకి లేస్తాయి. లోపలి నీరు ఆ సందులోకి దూరుతుంది. అక్కడ తోడే పని ఆగిపోయి కార్నియా నీరు పట్టి ఉబ్బుతుంది, తెల్లబడుతుంది. లోపల కొత్త లెన్స్ ఎంత చక్కగా కూర్చున్నా, ముందున్న అద్దమే మసకబారితే చూపు రాదు.

ఇది డాక్టరు తప్పా?

చాలామంది ఇది గొంతు తగ్గించి అడుగుతారు. అడగడంలో తప్పేమీ లేదు.

శుక్లం ఆపరేషన్‌లో ఇలా జరగవచ్చని కంటి డాక్టర్లందరికీ తెలుసు. కోత పెట్టిన అంచు దగ్గర పొర కాస్త లేవడం తరచుగా జరిగేదే. అది రోగికి తెలియకుండానే అతుక్కుపోతుంది. చూపు మధ్యభాగం దాకా పెద్దగా విడిపోవడం మాత్రం అరుదు. బ్లేడు పదును తగ్గినా, కోత మరీ ఇరుకైనా, పరికరాన్నో లెన్స్‌నో లోపలికి పంపేటప్పుడు పొర అంచుకి తగిలినా, కంటి ముందుగది (కార్నియా వెనక నీరుండే ఖాళీ) లోతు తక్కువైనా, చివర్లో కోత మూసుకోవడానికి ఎక్కించే నీరు ఈ పొరకీ దాని ముందున్న కార్నియాకీ మధ్యలోకి పోయినా ఇది జరగవచ్చు. జాగ్రత్త తీసుకుంటే ఈ అవకాశం తగ్గుతుంది, పూర్తిగా పోదు. రోగి కంటి వల్ల కూడా కొంత ఉంటుంది. వయసు బాగా మీదపడినవాళ్లు, కార్నియా కణాలు ముందే బలహీనంగా ఉన్నవాళ్లు, శుక్లం గోధుమ రంగుకో నల్లగానో గట్టిపడేదాకా ఆగినవాళ్లు కాస్త ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

శుక్లం బాగా "పండాకే" తీయించాలనే నమ్మకం మన ఊళ్లలో ఇంకా పోలేదు. ఒకప్పటి ఆపరేషన్ పద్ధతికి అది సరిపోయి ఉండొచ్చు. ఇప్పుడు ఆ ఆలస్యం వల్ల ఆపరేషన్ కష్టమవడం తప్ప మరే లాభమూ లేదు. మామ్మలకూ తాతలకూ ఈ మాట ఇంట్లోవాళ్లే చెప్పాలి.

డాక్టరు జరిగింది దాచకుండా చెప్పి, వెంటనే సరిచేసే ఏర్పాటు చేస్తున్నారా లేదా అన్నదే మీరు చూడాల్సింది. డిశ్చార్జ్ కాగితంలో ఆ విషయం రాయమని అడగండి. రేపు వేరే చోటికి వెళ్లాల్సి వస్తే ఆ కాగితమే మీకు ఆధారం.

మర్నాడు మసకగా ఉంటే ప్రతిసారీ ఇదేనా?

కాదు. గట్టి శుక్లం తీశాక కార్నియా కొద్దిగా ఉబ్బడం మామూలే. చుక్కల మందులతో కొన్ని రోజుల్లో, ఎక్కువగా ఉంటే వారం రెండు వారాల్లో తగ్గుతుంది. రోజురోజుకీ కొంచెమైనా తేటపడుతోందా అని గమనించండి. తేటపడకుండా అలాగే ఉన్నా, మొదట బాగుండి తర్వాత మసకబారినా మళ్లీ చూపించాలి. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు పొర విడిపోయినవాళ్లూ ఉన్నారు.

ఒక్కటి మాత్రం అస్సలు ఆగకూడనిది. ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో కన్ను బాగా ఎర్రబడి, నొప్పి పెరుగుతూ, చూపు పడిపోతూ, చీము కనిపిస్తుంటే అది పొర విడిపోవడం కాకపోవచ్చు. కంటి లోపల ఇన్‌ఫెక్షన్ అయ్యే ప్రమాదం ఉంది. రాత్రయినా సరే, అదే రోజు బేగి ఆసుపత్రికి చేరాలి.

"పొర" అంటున్నారు కదా, మళ్లీ శుక్లం వచ్చిందా? లేజర్ చేస్తే పోదా?

తీసేసిన శుక్లం మళ్లీ రాదు. కొందరికి ఆపరేషన్ అయిన కొన్ని నెలలకో, ఏళ్లకో లెన్స్ వెనకున్న సంచి మసకబారుతుంది. లేజర్ చేసేది దానికి. మనం మాట్లాడుతున్న పొర లెన్స్‌కి ముందు, కార్నియాలో ఉంటుంది. లేజర్ దాన్ని అతికించదు.

రెటీనా ఊడిపోవడం అంటే ఇదేనా?

కాదు. రెటీనా కంటికి వెనక వైపు ఉంటుంది. ఇంటివాళ్లు ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్ల ఒక పొరపాటు జరుగుతుంది. రెటీనాకి గ్యాస్ పెట్టినవాళ్లలో చాలామందిని బోర్లా పడుకోమంటారు. పొరుగింట్లో ఎవరికో అలా చెప్పారని మన రోగినీ బోర్లా పడుకోబెడతారు. కార్నియా పొరకి గాలి వేసినప్పుడు మామూలుగా వెల్లకిలా పడుకోవాలి.

విడిపోయిందని ఎలా తేలుస్తారు?

స్లిట్ ల్యాంప్ ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టి సన్నని వెలుగులో చూస్తారు. కార్నియా మరీ తెల్లబడిపోతే ఆ వెలుగులో పొర కనపడదు. అప్పుడు కంటి ముందు భాగానికి ఓసీటీ స్కాన్ తీస్తారు. కంటిని తాకరు, సూది ఉండదు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. పొర ఎంత ఎత్తు లేచింది, ఎంత పొడవున విడింది, కంటిపాపకు ఎదురుగా వచ్చిందా, అంచు మడత పడిందా అన్నవన్నీ అందులో తెలుస్తాయి. మందులా, గాలా అన్నది నిర్ణయించేది వీటిని బట్టే. ఈ స్కాన్ అన్ని చోట్లా ఉండదు. దానికోసం విశాఖ పంపిస్తే అనుమానపడకండి, వెళ్లిరండి.

మందులతో తగ్గదా?

చిన్నగా విడి, కార్నియా అంచుకే పరిమితమైతే చాలాసార్లు తగ్గుతుంది. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ చుక్కలు, కార్నియాలోని నీరు లాగడానికి 5 శాతం ఉప్పునీటి చుక్కలు ఇస్తారు. ఉప్పు చుక్కలు కాసేపు చురుక్కుమంటాయి. ఇవి ఉబ్బును మాత్రమే తగ్గిస్తాయి, పొరను అతికించవు. పొర తనంతట తాను అతుక్కునేదాకా చూపుకి ఆసరాగా ఉంటాయి, అంతే.

పెద్దగా విడినా, మధ్యభాగంలో లేచినా, అంచు చుట్టుకుపోయినా మందులతో నెట్టుకురావడం మంచిది కాదు. వారాలు గడిచేకొద్దీ పొర ముడుచుకుని బిగుసుకోవచ్చు. ఆ తర్వాత పరవడం కష్టమవుతుంది, కణాలూ తగ్గిపోతాయి. ఆ కణాలు పోతే శరీరం కొత్తవి తయారుచేసుకోలేదు.

స్టెరాయిడ్ చుక్కల గురించి ఒక హెచ్చరిక. డాక్టరు రాసిన రోజులు అయిపోయాక మెడికల్ షాపులో అదే సీసా కొని వేసుకుంటూ పోవద్దు. కొందరికి కంటి ప్రెషర్ పెరుగుతుంది. కోతల కాలంలో కంట్లో ధాన్యం పొట్టు పడి పుండు పడ్డవాళ్లు ఈ చుక్కలు వేసుకుంటే ఫంగస్ విజృంభించి కన్నే పోవచ్చు.

గాలి ఎలా వేస్తారు? నొప్పి ఉంటుందా?

ఆపరేషన్ థియేటర్‌లోనే చేస్తారు. చుక్కలతోనో, కంటి పక్కన ఇంజెక్షన్‌తోనో మత్తిస్తారు కాబట్టి నొప్పి పెద్దగా తెలియదు. సన్నని సూదితో కంటి ముందుగదిలోకి వడపోసిన శుభ్రమైన గాలి పంపుతారు. ఆ బుడగ పైకి తేలుతూ, లేచిన పొరను దాని చోటికి నొక్కి పడుతుంది. పని కొద్ది నిమిషాలే. ఆ తర్వాత కొంతసేపు ముందుగదంతా గాలితో నింపి ఉంచి, ప్రెషర్ పెరగకుండా కొంత గాలి తీసేస్తారు. అందుకే ఒకటి రెండు గంటలు ఆసుపత్రిలోనే ఉండమంటారు.

ఆ బుడగ ఉన్నన్నాళ్లూ చూపు మసకగా, వెలుగు చెదిరినట్టు ఉంటుంది. అంతమాత్రాన గాలి పనిచేయలేదని కాదు.

గాలికీ గ్యాస్‌కీ తేడా ఏమిటి?

మామూలు గాలి కొద్ది రోజుల్లో కరిగిపోతుంది. ఎక్కువ రోజులు నొక్కి ఉంచాలనుకుంటే ఎస్‌ఎఫ్6, సీ3ఎఫ్8 అనే గ్యాస్‌లలో ఒకదాన్ని గాలిలో కలిపి పెడతారు. మొదటిది సుమారు 20 శాతం, రెండోది 12 నుంచి 14 శాతం. ఆ పాళ్లలో అయితే లోపల వ్యాకోచించదు. ఎస్‌ఎఫ్6 వారం, ఆపైన ఉంటుంది. సీ3ఎఫ్8 ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. గ్యాస్ పెట్టినవాళ్లు ఈలోగా వేరే ఆపరేషన్‌కి మత్తు తీసుకోవాల్సి వస్తే ఆ సంగతి మత్తు డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. నైట్రస్ ఆక్సైడ్ మత్తు ఇస్తే కంట్లో బుడగ ఒక్కసారిగా పెరుగుతుంది.

వెల్లకిలా ఎంతసేపు పడుకోవాలి? మా అమ్మకి నడుం నొప్పి, ఆవిడ వల్ల కాదు.

గాలి వేసిన సగం ఫలితం దీనిమీదే ఆధారపడుతుంది. వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తుంటే బుడగ కార్నియాకి ఆనుకుని ఉంటుంది. కూర్చుంటే పైఅంచుకి పోతుంది. పక్కకి తిరిగితే పక్కకి జారుతుంది. మొదటి కొన్ని గంటలు కచ్చితంగా, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు మెలకువగా ఉన్నంతసేపట్లో ఎక్కువ భాగం వెల్లకిలా ఉండమంటారు. గ్యాస్ పెడితే ఇంకాస్త ఎక్కువ. తిండికీ బాత్రూమ్‌కీ లేవొచ్చు. పొర పైభాగంలో మాత్రమే విడిపోతే కొందరు డాక్టర్లు తర్వాత కూర్చోమని కూడా చెబుతారు, ఎందుకంటే బుడగ పైకే కదా పోయేది. కాబట్టి పక్క బెడ్ వాళ్లకి చెప్పింది కాకుండా మీకు చెప్పిందే పాటించండి.

నడుం నొప్పి ఉన్నవాళ్లకి మోకాళ్ల కింద తలగడ పెట్టండి, చాలా తేలిక పడుతుంది. తల కింద మందపాటి తలగడ వద్దు. ఆయాసం, గుండె జబ్బు ఉండి వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడనివాళ్లు గాలి వేయకముందే డాక్టరుకి చెప్పాలి. పెద్దవాళ్లు విసుగుతో లేచి కూర్చుంటారు. పక్కనొకరు కూర్చుని కబుర్లు చెబుతుంటే నిజంగా ఓపిక పడతారు. నా మాట అడిగితే, ఆ ఒక్క రోజు కోడలికో కూతురికో మాత్రమే వదిలేయకుండా ఇంట్లో మగవాళ్లు కూడా వంతులు వేసుకోవాలి.

గాలి వేసిన రాత్రి తలనొప్పి, వాంతులు వస్తే?

గ్యాస్ట్రిక్ అనుకుని మాత్ర వేసి పడుకోబెట్టవద్దు. బుడగ కంటిపాపకి అడ్డుపడితే వెనకనుంచి ముందుకి రావలసిన నీరు ఆగిపోయి కంటి ప్రెషర్ ఒక్కసారిగా పెరుగుతుంది. కన్ను పగిలిపోతున్నట్టు నొప్పి, అటువైపు తలనొప్పి, వికారం, వాంతులు, చూపు మరీ తగ్గడం దాని గుర్తులు. అప్పటికప్పుడు కొంత గాలి తీయడం, కంటిపాప విప్పారే చుక్కలు వేయడం, ప్రెషర్ తగ్గించే మందులు ఇవ్వడం చేస్తారు. ఇది రాకుండా ఉండాలని కొందరు డాక్టర్లు ముందే ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) కింది అంచున చిన్న రంధ్రం చేస్తారు. డిశ్చార్జ్ అయ్యేటప్పుడే రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో అడిగి నంబరు రాసుకోండి.

మాది ఉద్దానం. నాన్నకి కిడ్నీ జబ్బు ఉంది. ఇవన్నీ చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. గాలి బుడగకీ కిడ్నీకీ సంబంధం లేదు. ప్రమాదమంతా మాత్రలతోనే. కంటి ప్రెషర్ తగ్గించడానికి ఎక్కువగా వాడే డయమాక్స్, అంటే అసిటజోలమైడ్ మాత్ర, కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్లకి మంచిది కాదు. రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, మందు ఒంట్లోనే నిలిచిపోతుంది. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకి ఇంకా ప్రమాదం. నరానికి ఎక్కించే మానిటాల్ కూడా అలాంటిదే. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలూ కిడ్నీకి దెబ్బే.

కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు నుంచి వచ్చేవాళ్లలో కిడ్నీ జబ్బు ఉండి కూడా కంటి ఆసుపత్రిలో ఆ మాట ఎత్తనివాళ్లు ఉంటారు. కంటికి చూపించుకోవడానికి వచ్చి కిడ్నీ సంగతి ఎందుకని అనుకుంటారు. ఆ మాట చెప్పకపోవడం చాలా ప్రమాదం. కిడ్నీ పనితీరు తెలిపే చివరి క్రియాటినిన్ రిపోర్టు, వాడే మందుల చీటీ, పలాస కిడ్నీ ఆసుపత్రిలో చూపించుకుంటుంటే అక్కడి పుస్తకం వెంట తీసుకెళ్లి ముందే చూపించండి. డయాలసిస్ ఉంటే ఏయే రోజుల్లోనో చెప్పండి. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు కాబట్టి కంటికి గాలి వేయబోతున్నారని అక్కడి వాళ్లకీ తెలియాలి. కంటి కోసమని డయాలసిస్ మానేయకూడదు. వెల్లకిలా పడుకుని చేయించుకోవచ్చు. సల్ఫా మందులు పడనివాళ్లూ డయమాక్స్ గురించి ముందే చెప్పాలి.

కిడ్నీ బాగున్నవాళ్లు ఆ మాత్ర వేసుకుంటే వేళ్లు తిమ్మిరెక్కడం మామూలే. కంగారు పడక్కర్లేదు.

మా ఊరు కొండమీద. గాలి వేసిన మర్నాడు ఇంటికి వెళ్లొచ్చా?

అడగకుండా వెళ్లకండి. ఎత్తుకి వెళ్లేకొద్దీ బయటి గాలి పీడనం తగ్గి కంట్లోని బుడగ పెరుగుతుంది, దాంతో కంటి ప్రెషర్ పెరుగుతుంది. విమానం వద్దనేది ఇందుకే. మన దగ్గర విమానం కంటే ఘాట్ రోడ్డుతోనే ఎక్కువ పని. శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్తే సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తుకి చేరతాం. సాలూరు దాటి కోరాపుట్ వైపు వెళ్లినా అలాగే ఎక్కుతాం.

డిశ్చార్జ్ చేసేటప్పుడు డాక్టరు మీ మండలం పేరు వింటారేగానీ ఊరు ఎంత ఎత్తులో ఉందో ఆయనకి తెలియకపోవచ్చు. "మాది కొండమీద ఊరు బాబూ" అని మీరే చెప్పాలి. బుడగ కరిగేదాకా కింద బంధువుల ఇంట్లోనో, ఆసుపత్రి వసతిలోనో ఉండడం మంచిది. గ్యాస్ పెడితే ఈ జాగ్రత్త ఎక్కువ రోజులు పాటించాలి. కొండ దిగి ఇంత దూరం వచ్చినవాళ్లకి ఉండే చోటు చూపించడం కూడా వైద్యంలో భాగమేనని నేను నమ్ముతాను. ఆసుపత్రి సిబ్బందిని మొహమాటపడకుండా అడగండి.

మైదానంలో బస్సు, రైలు ఫర్వాలేదు. మొదటి రోజు ప్రయాణం తప్పకపోతే కారు వెనక సీట్లో వెల్లకిలా పడుకోబెట్టండి.

ఇంట్లో ఏం జాగ్రత్తలు?

కన్ను నలపకూడదు. రాత్రి పడుకునేటప్పుడు షీల్డ్ పెట్టాలి. తలస్నానం డాక్టరు చెప్పేదాకా వద్దు, మెడ కింద నుంచి పోసుకోవచ్చు. కట్టెల పొయ్యి ముందు, జీడిపప్పు బట్టీల పొగలో కూర్చోవద్దు. ఆముదం, తల్లిపాలు, నందివర్ధనం పసరు కంట్లో పోయవద్దు. ఆపరేషన్ కోత ఇంకా పూర్తిగా మానని కన్ను అది.

చూపు కోసం అరసవల్లి సూర్యనారాయణ స్వామికి మొక్కుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. వెల్లకిలా పడుకోవాల్సిన రోజులు అయిపోయాక దర్శనానికి వెళ్లవచ్చు. ఇంద్ర పుష్కరిణిలో తల ముంచడం, ఆ నీరు కళ్లకి అద్దుకోవడం, ఎండకేసి చూడడం మాత్రం ఇంకొన్నాళ్లు ఆగాలి. రథసప్తమికి అరసవల్లిలో, సిరిమానోత్సవానికి విజయనగరంలో ఉండే తొక్కిసలాటలోకి ఆ కన్నుతో వెళ్లకండి. ఒక్క మోచేయి తగిలితే చాలు.

చూపు ఎప్పటికి వస్తుంది?

పొర అతుక్కుంటే ఉబ్బు కొద్ది రోజుల్లోనే తగ్గడం మొదలవుతుంది. పూర్తిగా తేటపడడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. కార్నియా కుదుటపడేదాకా కొత్త కళ్లద్దాలు రాయించుకోవద్దు, డబ్బు దండగ.

ఒకసారి గాలి వేసినా అతుక్కోకపోతే?

మళ్లీ వేస్తారు. ఈసారి గ్యాస్ వాడవచ్చు, సందులో చేరిన నీటిని బయటికి వదలవచ్చు, అవసరమైతే కుట్టు వేయవచ్చు. అప్పటికీ కార్నియా తేటపడలేదంటే కణాలు బాగా దెబ్బతిన్నట్టే. అప్పుడు కార్నియా మార్పిడి చేయాలి. ఇప్పుడు కార్నియా మొత్తం తీయకుండా పాడైన లోపలి పొరను మాత్రమే మార్చే పద్ధతులున్నాయి, డీసెక్ అనీ డీమెక్ అనీ అంటారు. ఆ పొర నేత్రదానం చేసిన మనిషి కన్ను నుంచే రావాలి. మరణించిన ఆరు గంటల్లోపు కళ్లు సేకరించాలి కాబట్టి, ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు ఎవరో ఒకరు గుర్తుచేసి ఐ బ్యాంకుకి ఫోన్ చేయాలి.

ఎక్కడికి వెళ్లాలి? ఖర్చు?

ముందుగా ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లండి. క్యాంపులో పేరు రాయించుకుని చేయించుకున్నా అంతే. ఏం జరిగిందో వాళ్లకి తెలుసు, తర్వాతి వైద్యం బాధ్యత కూడా వాళ్లదే. కార్నియా నిపుణులు కావాలంటే విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, హనుమంతవాక దగ్గర ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి. ఇచ్ఛాపురం, పలాస, ఆమదాలవలస, విజయనగరం నుంచి నేరుగా రైళ్లున్నాయి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలో మీ వైద్యం వస్తుందో లేదో ఆసుపత్రిలో ఆ పథకం సిబ్బందిని అడగండి. ఆధార్, రేషన్ కార్డు, డిశ్చార్జ్ కాగితం, వేసిన లెన్స్ స్టిక్కరు ఒకే కవర్లో పెట్టుకుని వెళ్లండి.

ఫోన్‌లో కంటి ఫొటో పంపితే డాక్టరు చెప్పలేరా?

చెప్పలేరు. ఈ పొర ఫొటోలో కనపడదు.

రెండో కంటికి కూడా శుక్లం ఉంది. అదీ ఇలాగే అవుతుందా?

అవుతుందని ఏమీ లేదు. అయితే కొందరిలో ఈ పొర పట్టు పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. అలాంటివాళ్లకి రెండు కళ్లలోనూ జరిగిన సందర్భాలున్నాయి. కాబట్టి వేరే ఊళ్లో, వేరే డాక్టరు దగ్గర చేయించుకున్నా మొదటి కంట్లో జరిగింది దాచకండి. ముందే తెలిస్తే కార్నియా కణాలు లెక్కించే పరీక్ష చేయిస్తారు, కోత ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తారు, థియేటర్‌లో గాలి సిద్ధంగా ఉంచుకుంటారు. మొదటి కన్ను పూర్తిగా తేటపడ్డాకే రెండోదానికి తేదీ తీసుకోండి. అలాగని శుక్లం గట్టిపడేదాకా ఏళ్ల తరబడి వాయిదా వేయకండి.